మిగులు సామాను గది పెట్టాలనుకుంటున్నారా? ముందు బయటికి పోయే దారి చూసుకోండి

పోయిన నెలలో ఇద్దరు వేరువేరుగా ఫోన్ చేసి దాదాపు ఒకే మాట అడిగారు. "మీ చెన్నై పెరంబూరులో ఉన్నట్టే మా దగ్గర కూడా ఒకటి పెడదామనుకుంటున్నాం అక్కా, ర్యాకులు ఎక్కడ కొన్నారు, ఎంతయింది?" అని. ర్యాకుల సంగతి చెప్తాను గానీ అది పదో ప్రశ్న. మొదటి ప్రశ్న వాళ్లిద్దరూ అడగలేదు. నాలుగేళ్ల కిందట మేమూ అడగలేదు, అందుకే మొదటి ఏడాదంతా మూటల మధ్య ఊపిరాడక గడిపాం. వచ్చిందంతా ఎక్కడికి పోతుంది?

ఇదేమిటో తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇళ్లలోనూ టైలర్ షాపుల్లోనూ ప్రింటింగ్ ప్రెస్సుల్లోనూ మిగిలిపోయిన చేతిపని సామాను, అంటే గుడ్డ ముక్కలు, లేసులు, ఊలు ఉండలు, బొత్తాలు, పూసలు, అట్టలు, సగం వాడిన రంగులు, పాత శుభలేఖలు లాంటివి తీసుకుని, వేరుచేసి, కావలసినవాళ్లకి చవగ్గా ఇచ్చే గది. పాత చీరల్ని బొంతగా కుట్టిన మన అమ్మమ్మలకి ఇందులో కొత్తేమీ కనపడదు. బయటి దేశాల్లో దీన్ని పెద్ద ఎత్తున నడుపుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్క్రాప్ అనే సంస్థ 1976 నుంచి ఉంది, న్యూయార్క్ నగరానిది 1978లో మొదలైంది, ఇటలీలోని రెజ్జో ఎమీలియాలో 1996లో పెట్టిన రెమిదా అయితే ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కల్ని బడిపిల్లల చేతుల్లో పెడుతుంది. న్యూయార్క్‌ది మొదలైన కథ నాకు భలే ఇష్టం. అక్కడి జూలో జంతువుల మందులు పెట్టే ఫ్రిజ్ పాడైతే ఎవరి దగ్గరైనా ఉందా అని రేడియోలో అడిగారట, కావలసింది ఒక్కటి, ఇస్తామని ఫోన్ చేసినవాళ్లు బోలెడుమంది. మీకూ అదే జరుగుతుంది. ఇచ్చేవాళ్లకి ఎప్పుడూ కొదవ ఉండదు.

మన ఇళ్లలో ఒక మాట ఉంది కదా, "ఉంచు, ఎప్పటికైనా పనికొస్తుంది" అని. ఆ మాట మీదే మన అటకలన్నీ నిండాయి. మా గదిలో ఆ మాట అనకూడదు. ఏ సంచి వచ్చినా "ఎవరికి?" అని అడుగుతాం. "పిల్లలకి" అంటే చాలదు. ఫలానా బడిలో ఒకటో క్లాసు టీచరమ్మ, మా వెనక వీధిలో కుట్టు నేర్పే అక్క, ఇలా ఒక మనిషి కళ్ల ముందు కనపడాలి. కనపడకపోతే తీసుకోం. వినడానికి కటువుగా ఉంటుంది, కానీ ఈ ఒక్క ప్రశ్న వల్లే మా గదిలో ఇప్పుడు నడవడానికి దారి ఉంది.

ముందు పుచ్చుకునేవాళ్లు

అందుకని "సామాను ఇవ్వండి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టకముందే ఒక నెల కేటాయించి తిరగండి. మీ దగ్గర్లోని కార్పొరేషన్ స్కూలుకి వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌ని కలవండి. తమిళనాడులో 2022 నుంచి చిన్న క్లాసుల పిల్లలకి 'ఎన్నుం ఎళుత్తుం' (అంకెలూ అక్షరాలూ) పేరుతో ఆటపాటలతో లెక్కలూ అక్షరాలూ నేర్పిస్తున్నారు, దానికి టీచర్లు బొమ్మలూ అట్టలూ లెక్కపెట్టుకునే వస్తువులూ సొంతంగా తయారు చేసుకుంటారు, తరచూ సొంత డబ్బుతోనే. మేం వెళ్లి ఏం కావాలి అని అడిగినప్పుడు మా ఊహల్లో పట్టు ముక్కలూ చమ్కీలూ ఉన్నాయి. వాళ్లు రాసిచ్చిన చీటీలో ఉన్నవి సీసా మూతలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, ఒకే సైజు బొత్తాలు, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం, గట్టి అట్ట. అంతే. ఆ చీటీని ఇప్పటికీ గోడకి అంటించి ఉంచాం.

టీచర్లు కాక ఇంకెవరు వస్తారంటే, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు వస్తారు, సెమిస్టర్ చివర మోడల్స్ చేసేటప్పుడు మౌంట్ బోర్డు, ఫోమ్ బోర్డు, సన్నటి చెక్క రీపర్లు ఎంతున్నా చాలవు, తమాషా ఏమిటంటే సబ్మిషన్ అయిపోగానే మిగిలినవి తెచ్చి ఇచ్చేదీ వాళ్లే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులవాళ్లు బొత్తాలూ పూసలూ రంగుల వారీగా వేరుచేయించడానికి అడుగుతారు (పెద్ద సైజువే ఇవ్వండి, చిన్నవి నోట్లో పెట్టుకుంటారు). వృద్ధాశ్రమాలకి ఊలు. ఇక దసరా ముందు రెండు వారాలు మాది తిరునాళ్లే, బొమ్మల కొలువు పెట్టే ప్రతి ఇంటివాళ్లూ జరీ అంచుల కోసం, పార్కుకి గడ్డిలా పరిచే ఆకుపచ్చ గుడ్డ కోసం, కొండకి గోధుమరంగు కాగితం కోసం వస్తారు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "రేపు పాపకి ప్రాజెక్టు, సోలార్ సిస్టమ్‌కి బంతులున్నాయా" అనే తల్లిదండ్రులు సరేసరి, వాళ్ల కోసం గది తెరవద్దు, ఒకసారి తెరిచారంటే అదే అలవాటైపోతుంది.

గది

రెండొందలు, రెండొందల యాభై చదరపు అడుగులుంటే మొదలుపెట్టొచ్చు. చిన్న గదైతేనే మంచిది, ఎందుకంటే పెద్ద గది ఇస్తే దాన్ని నింపేస్తారు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో పెడితే అద్దె ఉండదు, కానీ అసోసియేషన్ మీటింగుల్లో ప్రతిసారీ మీ పేరు వినపడుతుంది. మేం మొదట అలాగే పెట్టి, ఆరు నెలలకి మాటలు పడలేక ఒక ఖాళీ షాపు గది అద్దెకి తీసుకున్నాం. ఇంటి కరెంటు మీటరు మీద ఇలాంటిది నడపొచ్చా లేదా అన్నది ఇంటి ఓనర్‌తో ముందే తేల్చుకోండి.

చెన్నైలో గది అంటే రెండే రెండు శత్రువులు, నీళ్లూ చెమ్మా. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలబడ్డాయి. కింది అరలో ఊలు పెట్టాం. నీళ్లు తీశాక ఆ ఊలు ఎలా ఉందో చెప్పను, కానీ నీళ్లు పీల్చిన ఊలు మూట బయటికి లాగడానికి ఇద్దరు మగవాళ్లు కావలసివచ్చారు. అప్పటినుంచీ నేల నుంచి రెండడుగుల దాకా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు తప్ప ఏమీ ఉండవు, వాటిలో కూడా తడిసినా ఏమీ కాని సీసా మూతలూ ప్లాస్టిక్ బొత్తాలూ మాత్రమే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గుడ్డలు ఎక్కువ తీసుకోవద్దు. తోలు ముక్కలైతే అసలే వద్దు. పెరియమేట్ వైపు చెప్పులూ బ్యాగులూ కుట్టేవాళ్ల దగ్గర మంచి తోలు ముక్కలు దొరుకుతాయి, వేసవిలో తెచ్చుకుంటే చక్కగా ఉంటాయి, వానల్లో తెచ్చారంటే వారంలో తెల్లగా బూజు. అలాంటి తోలు పాడైతే కాల్చకండి, చాలావరకు క్రోమియంతో పదును చేసినది, ఆ పొగ మంచిది కాదు.

ర్యాకులు. సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా, పాత సామాన్ల షాపులో స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు (చిల్లులున్న ఇనప పట్టీలకి బోల్టులు బిగించేవి) కొనండి, చెక్కవి వద్దు, చెదలు. డబ్బాలకి డబ్బు పెట్టకండి. పారదర్శకంగా ఉండే ఐస్‌క్రీమ్ డబ్బాలు, పచ్చళ్ల జాడీలు, పెయింట్ బకెట్లు ఎలాగూ వస్తాయి. లేబుల్ మీద మూడు భాషల్లో రాయాలని మేం చాలా తాపత్రయపడ్డాం, చివరికి తేలిందేమిటంటే డబ్బా బయట ఆ వస్తువునే ఒకటి దారంతో కట్టి వేలాడదీస్తే తమిళం, తెలుగు, హిందీ, చదువు రానివాళ్లు అందరికీ అర్థమవుతుంది.

గది నిండా గుడ్డా కాగితమూ స్పాంజీ కాబట్టి నిప్పు విషయంలో మొహమాటం వద్దు. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి గుమ్మం దగ్గరే పెట్టండి, లోపలి మూల కాదు. లోపల స్టవ్వు లేదు, అగరొత్తి లేదు. ఆయుధ పూజ రోజు కత్తెరలకీ కుట్టు మిషన్‌కీ బొట్టు పెట్టి, హారతి మాత్రం గుమ్మం బయట ఇస్తాం.

ఏం తీసుకోవాలి, ఏం వద్దనాలి

ఈ పనిలో అన్నిటికంటే కష్టం మొహమాటం. ఒకావిడ ఆటో పెట్టుకుని, ఎండలో, రెండు గోనె సంచులు మోసుకొచ్చి నవ్వుతూ నిలబడితే "వద్దండీ" అనడానికి నోరు రాదు. మాకూ రాలేదు. ఒకసారి ఒక ఆఫీసువాళ్లు మార్చి నెలాఖర్లో చిన్న వ్యాన్ నిండా స్టేషనరీ పంపారు. దించేటప్పుడు బ్యానర్ పట్టుకుని ఫొటోలు కూడా తీసుకున్నారు. తెరిచి చూస్తే ఎండిపోయిన మార్కర్లు, గట్టిపడిన గమ్ము డబ్బాలు, స్ప్రింగు ఊడిన ఫైళ్లు. ఆ వ్యాన్‌లో పనికొచ్చినవి అట్టపెట్టెలు. మిగతాది వదిలించుకోవడానికి మా చేతి డబ్బు ఖర్చయింది. ఆ రోజు నుంచి రెండు నియమాలు: ముందు ఫొటో పంపాలి, సంచి మా ఎదురుగా తెరవాలి. శనివారం పది నుంచి పన్నెండు దాకా మాత్రమే తీసుకుంటాం, ఇంటికి వచ్చి తీసుకెళ్లడం లేదు, గేటు దగ్గర వదిలేసి వెళ్లడం అసలే లేదు.

వద్దనేటప్పుడు "ఇది చెత్త" అనకండి. "అమ్మా, ఇది మా దగ్గర ఉంటే పాడైపోతుంది, మా దగ్గర దీన్ని అడిగేవాళ్లు లేరు" అంటే చాలామంది సరేనంటారు. తెరిచిన పెయింట్లు, థిన్నర్, పాత ఎనామెల్ రంగులు (పాతవాటిలో సీసం ఉండొచ్చు, పిల్లల చేతికి ఇవ్వకూడదు), బ్యాటరీలు, కరెంటు సామాను, లోదుస్తులు, ముట్టుకుంటే పొడి రాలే స్పాంజి, సాగడం మానేసిన ఎలాస్టిక్, థర్మోకోల్, ఇవి మేం తీసుకోం. థర్మోకోల్ కప్పులూ ప్లేట్లూ తమిళనాడులో 2019 జనవరి 1 నుంచే నిషేధం, అయినా టీవీ డబ్బాలోంచి వచ్చిన దిమ్మలు పట్టుకుని వారానికొకరు వస్తూనే ఉంటారు. రంగుల్లో ఒక చిన్న కిటుకు: బిళ్లల వాటర్ కలర్, పోస్టర్ కలర్ ఎండిపోయినా నీళ్లు పోస్తే లేస్తాయి కాబట్టి తీసుకోండి, ఆక్రిలిక్ ఎండితే ఇక రాయే. టెర్రకోట మట్టి ఎండిపోయినా ఫరవాలేదు, నానబెడితే మళ్లీ మట్టే.

శుభలేఖల గురించి విడిగా చెప్పాలి. మన సౌత్ ఇండియా పెళ్లి కార్డు అంటే మామూలు కాగితమా? మందపాటి అట్ట, మీద బంగారు రేకు అచ్చు, పట్టు దారం, చిన్న లక్క ముద్ర. అద్భుతమైన సామాను. కానీ జనం వాటిని మాకు తెచ్చి ఇచ్చేది కళ మీద ప్రేమతో కాదు, మీద వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉన్నాడు కాబట్టి చెత్తబుట్టలో వేయలేక. మొదట్లో ఆ విషయం మాకు తట్టలేదు. ఒక పిల్లాడు కత్తెరతో సరిగ్గా వినాయకుడి తొండం మధ్యలోంచి కోస్తుంటే వాడి నాయనమ్మ అరిచిన అరుపు మా వీధంతా వినపడింది. ఇప్పుడు ఏం చేస్తామంటే, వచ్చిన రోజే దేవుడి బొమ్మను చుట్టూ జాగ్రత్తగా కోసి విడిగా ఒక డబ్బాలో వేస్తాం, మిగతా అట్ట పిల్లలకి. ఆ బొమ్మలు మిగిలిపోతాయనుకున్నాం గానీ, మొదటి డబ్బా నిండకముందే ఖాళీ అయింది. కొలువు మెట్ల వెనక అంటించడానికి, ఫొటో ఫ్రేములకి, చిన్న పటాలు చేసి అమ్మేవాళ్లకి, ఎంత ఉన్నా చాలట్లేదు. పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న లోపలి కాగితం మాత్రం చింపి కాయలాన్ కడకి, అంటే పాత ఇనుమూ కాగితాలూ కొనే షాపుకి, పంపేయండి.

జాకెట్టు ముక్కలు ఇంకో పురాణం. పేరంటాల్లో తాంబూలంతో పెట్టే పాలియెస్టర్ ముక్కలు ఎవరూ కుట్టించుకోరు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతుంటాయి. మా అత్తగారు ఒకదాని మూల పసుపు చుక్క పెట్టి ఎవరికో ఇచ్చారు, రెండేళ్ల తర్వాత అది ఒక దాతగారి సంచిలోంచి మా బల్ల మీదికి వచ్చింది, ఆవిడ గుర్తుపట్టి ఒకటే నవ్వు. ఇవి పెద్ద మొత్తంలో వస్తాయి, అడిగేవాళ్లు తక్కువ. ఇప్పుడు మనిషికి పది మించి తీసుకోవడం లేదు.

అసలైన మంచి సరుకు ఇళ్ల నుంచి రాదు, షాపుల నుంచి వస్తుంది. ఇంటీరియర్ షాపుల్లో పాతబడిన శాంపిల్ పుస్తకాలు అడగండి, సోఫా గుడ్డలు, కర్టెన్ గుడ్డలు, లామినేట్ ముక్కలు, వాల్‌పేపర్, అన్నీ ఒకే సైజులో శుభ్రంగా ఉంటాయి, కొత్త కేటలాగు రాగానే వాళ్లకి అవి బరువే. గోడౌన్ స్ట్రీట్‌లో హోల్‌సేల్ గుడ్డల షాపుల షేడ్ కార్డులు, ఆండర్సన్ స్ట్రీట్‌లో కాగితం షాపుల పక్క కోతలు, ఇవి అడిగితే దొరుకుతాయి. ఉదయం బేరాల వేళ వెళ్లకండి, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి, ఒక ముక్క తమిళంలో మాట్లాడండి. మీ ఇంటి దగ్గర టైలర్‌కి ఒక ఖాళీ సంచి ఇచ్చి, జానెడు కంటే పెద్ద ముక్కలు మాత్రమే ఇందులో వేయి అన్నా అని చెప్పండి. ఆ జానెడు అనే కొలత చెప్పకపోతే మీకు వచ్చేది ఊడ్చిన దుమ్ము.

వేరుచేయడం

ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు మరీ సన్నగా వేరుచేయడం. పూసలు రంగుల వారీగా ఏరుతూ మేం ఒక శనివారం మొత్తం పోగొట్టుకున్నాం. చివరికి అన్నీ కలిపి ఒక జాడీలో పోసి 'కదంబం' అని రాశాం. అదే అన్నిటికంటే త్వరగా అమ్ముడుపోతుంది, ఏరుకోవడమే పిల్లలకి సరదా. గుడ్డల్ని మాత్రం కాటన్, సిల్కు, సింథటిక్ అని మూడుగా విడదీయక తప్పదు, ఎందుకంటే బొంత కుట్టేవాళ్లకి కాటనే కావాలి, అద్దకం నేర్చుకునేవాళ్లకీ అంతే, పాలియెస్టర్‌కి మామూలు రంగు పట్టదు.

అనుమానం వస్తే కాల్చి చూడటమే. ఇది గది బయట, స్టీలు పళ్లెంలో, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని చేయండి. గుడ్డ అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని మంట దగ్గరికి తీసుకెళ్లండి. కాటనైతే కాగితం కాలినట్టు చకచకా కాలుతుంది, వాసన కూడా కాగితానిదే, బూడిద వేళ్ల మధ్య నలిపితే మెత్తగా రాలిపోతుంది. సిల్కు ముడుచుకుంటూ కాలుతుంది, జుట్టు కాలిన వాసన. పాలియెస్టర్ మంట తగలకముందే వెనక్కి ముడుచుకుని, కరిగి, నల్ల పొగతో కాలి, చల్లారాక చివర గట్టి పూసలాగా మిగులుతుంది, గోరుతో నలిపినా నలగదు. బూడిదా ఉంది, మధ్యలో గట్టి పలుకులూ తగులుతున్నాయంటే మిక్స్. "ప్యూర్ కాటన్ అమ్మా" అని ఇచ్చిన చీరల్లో ఎన్నిట్లో పలుకులు తగిలాయో చెప్పను, ఇచ్చినవాళ్లకీ తెలియదు పాపం. ఆ వేడి పూసని ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది.

గుడ్డల సంచిలో చేయి పెట్టేముందు పెద్ద అయస్కాంతం ఒకటి పైపైన తిప్పండి. సూదులు, గుండుసూదులు, పిన్నీసులు ఎక్కడో ఒకచోట ఉంటాయి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం చాలు. ఒక వాలంటీరుకి సూది దిగి టీటీ ఇంజెక్షన్ దాకా వెళ్లాక వచ్చిన తెలివి ఇది. తర్వాత ఎండ. ఏ గుడ్డయినా ఊలయినా లోపలికి వెళ్లేముందు డాబా మీద ఒక పూట ఎండాలి.

వాలంటీర్ల గురించి ఒక ఇబ్బందికరమైన విషయం. వేరుచేసేవాళ్లే మంచి ముక్కలు పక్కన పెట్టేసుకుంటారు. చెడ్డవాళ్లు కాదు, చేతిపని అంటే ప్రాణం కాబట్టే వచ్చారు, కంచి పట్టు అంచు కనపడితే చేయి ఆగదు. మొదట్లో చూసీచూడనట్టు ఊరుకున్నాం, అది గొడవలకి దారితీసింది, ఇద్దరు రావడం మానేశారు. ఇప్పుడు నియమం ఏమిటంటే, ఎవరైనా సరే, నాతో సహా, బల్ల మీది నుంచి తీసుకోకూడదు, అర మీదికి వెళ్లాక, పక్క వారం, అందరితో పాటు డబ్బిచ్చి తీసుకోవాలి. టీ, సుండల్ మాత్రం ఫ్రీ.

అన్ని సంచులూ ఒకటి కాదని కూడా చెప్పాలి. ఒక పెద్దాయన పాత బిస్కెట్ డబ్బా తెచ్చారు, భార్య పోయి ఏడాదయిందట. లోపల హుక్కులు చిన్న చిన్న మందు సీసాల్లో సైజు వారీగా, దారాల చివరలు చిక్కుపడకుండా రీళ్లకే గాటు పెట్టి ఇరికించి, అడుగున సుద్దగీతలు ఇంకా చెరగని జాకెట్టు ఒకటి, ఒక చేయి కుట్టి రెండోది కుట్టకుండా. మా వాలంటీరు అమ్మాయి ఒకత్తి అలవాటు కొద్దీ డబ్బాని బల్ల మీద బోర్లించబోయింది. నేను ఆపాను. ఇలాంటివి వచ్చినప్పుడు వాళ్ల ఎదురుగా వేరుచేయకండి, కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, వాళ్లు వెళ్లాకే తెరవండి. వీలైతే విడగొట్టకుండా డబ్బా మొత్తం ఒక్కరికే ఇవ్వండి. అది కుట్టు నేర్చుకుంటున్న ఒక అమ్మాయికి వెళ్లింది, రెండో చేయి ఆ అమ్మాయే కుట్టింది.

డబ్బు, కాగితాలు

పూర్తిగా ఉచితం పెట్టకండి. ఫ్రీ అంటే అవసరం లేనివాళ్లు కూడా నాలుగు సంచులు నింపుకుంటారు, అది వాళ్ల అటక మీదికి చేరుతుంది, అంతే తేడా. మా దగ్గర ఒక గుడ్డ సంచి ఇస్తాం, పట్టినంత నింపుకుంటే 50 రూపాయలు. కార్పొరేషన్ స్కూలు, అంగన్‌వాడీ టీచర్లకి ఉచితం, నోటుబుక్కులో సంతకం పెడితే చాలు. అద్దెలో చాలావరకు ఈ 50 రూపాయల సంచులే కడుతున్నాయి, మిగతాది నెలకి రెండు వర్క్‌షాపుల ఫీజు.

రిజిస్ట్రేషన్ అంటూ మొదటి ఆరు నెలలు టెన్షన్ పడకండి, నడుస్తుందో లేదో చూడండి. నడిస్తే తమిళనాడు సొసైటీల చట్టం, 1975 కింద ఏడుగురు కలిసి రిజిస్టర్ చేసుకోవచ్చు, లేదా ట్రస్టు. ఇక దాతలు ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు కోసం తప్పకుండా అడిగేది "80జీ రసీదు ఇస్తారా?" అని. మీకు 80జీ వచ్చినా సామాను రూపంలో ఇచ్చినదానికి ఆ మినహాయింపు వర్తించదు, డబ్బుకే, అదీ నగదైతే 2,000 రూపాయల దాకానే. ఈ మాట మొదటే చెప్పేయండి. షాపులవాళ్లతో ఇంకో చిక్కు ఉంది: జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం ఉచితంగా ఇచ్చేసిన సరుకు మీద వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకి దొరికిన తగ్గింపు, వెనక్కి కట్టాలి. అందుకే ఓనర్ సరేనన్నాక కూడా ఆడిటర్ అడ్డుపడుతుంటాడు. అది మీ మీద అనుమానం కాదు. శాంపిల్ పుస్తకాలు, కోతల తుక్కు అయితే సాధారణంగా ఈ గొడవ ఉండదు, కొత్త థానులు ఇస్తామంటేనే ముందు ఆడిటర్‌ని అడగమనండి.

లెక్కలకి ఒక్క నోటుబుక్కు చాలు. వచ్చిన కిలోలు, పోయిన కిలోలు. వరసగా రెండు నెలలు మొదటి అంకె పెద్దదిగా ఉంటే మూడో నెల తలుపు మూసేసి, ఉన్నది కదిలేదాకా ఏమీ తీసుకోం.

బయటికి పంపడం

ప్రతి డబ్బాకీ అది అర ఎక్కిన నెలని బట్టి ఒక రంగు దారం కడతాం. మూడు నెలలకి కదలకపోతే సగం ధర. ఆరు నెలలకీ కదలకపోతే ఇక దాని మీద మమకారం పెట్టుకోం. కాటన్ ముక్కలు, బనియన్ గుడ్డ మెకానిక్ షెడ్లకి తుడుచుకోవడానికి వెళ్తాయి, పుదుపేట వైపు ఎంత ఇచ్చినా తీసుకుంటారు. కాగితం, అట్ట, ఇనుము కాయలాన్ కడకి. గట్టి గుడ్డలు పసుపు రంగువైతే అదృష్టమే, 2021 డిసెంబర్లో ప్రభుత్వం 'మీండుం మంజప్పై' (మళ్లీ పసుపు సంచి) మొదలుపెట్టాక పసుపు సంచి మళ్లీ ఫ్యాషనైంది, కుట్టు నేర్చుకునేవాళ్ల మొదటి పాఠం మా దగ్గర అదే, నాలుగు గీతల కుట్టు, రెండు పట్టీలు. పసుపుది కాకపోయినా సంచి సంచే.

భోగి ముందు వారానికి ఇప్పటినుంచే సిద్ధంగా ఉండండి. పాతవి మంటలో వేయడం కంటే మీకు ఇవ్వడమే నయమని అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది, కార్పొరేషన్‌వాళ్లు కూడా ఆ రోజుల్లో పాత సామాను కాల్చొద్దు, మాకివ్వండి అని చెబుతుంటారు. అందుకని డిసెంబర్ ఆఖరికల్లా సగం అరలు ఖాళీ చేసి ఉంచుకోండి, బల్ల దగ్గర నలుగురు కాదు ఎనిమిది మంది ఉండాలి, కాయలాన్ కడ అన్నకి ముందే చెప్పి ఆ శనివారం సాయంత్రం బండి పెట్టించుకోండి. గుమ్మం ముందు పెద్ద బోర్డు మీద మూడు భాషల్లో "పరుపులు, దిండ్లు తీసుకోం" అని రాయండి. అయినా ఆదివారం పొద్దున్న గేటు దగ్గర ఒక పరుపు ఉంటుంది.